పాయింటమ్మ కొట్టిన పది కిక్కులు

పొద్దున్నే మొహం కడుక్కోగానే మా మేనత్త చేసే మొదటి పని కళ్ళు మూసుకోవడం. ప్రార్థనకు కాదు. కిటికీ గూట్లో ఆమె ఫీలర్ గేజీ ఉంటుంది. మడత కత్తిలా విచ్చుకునే ఉక్కు రేకుల కట్ట అది. ఒక్కో రేకుది ఒక్కో మందం, ఆ మందం అంకె రేకు మీదే చెక్కి ఉంటుంది. అత్తయ్య కళ్ళు మూసుకుని ఏదో ఒక రేకును బయటికి లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి జార్చి, "పద్నాలుగు" అంటుంది. ఆ తర్వాత కళ్ళు తెరిచి అంకె చూసుకుంటుంది. పద్నాలుగే ఉంటుంది. అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో పద్నాలుగు. దానికీ పదిహేనుకీ తేడా ఏమిటో నా వేళ్ళకు ఇప్పటికీ అందలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆమె చెప్పిన అంకె తప్పుతుంది. ఆ రోజు "వేళ్ళు బాగా లేవు" అని చెప్పి, పని ముట్టుకోకుండా పాత వారపత్రికలు తిరగేస్తూ కూర్చుంటుంది.

వీధిలో ఆమెను అందరూ పాయింటమ్మ అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని ఆమే వెనక్కి తిరిగి చూస్తుంది. పాత మోటారు సైకిళ్ళకు పాయింట్లు సరిచేయడం ఆమె పని. ఇంజను విప్పదు, గేర్లు ముట్టదు, టైర్ల వైపు కన్నెత్తి చూడదు. బండి మొత్తంలో ఆమెకు కావలసింది అరచేయంత పళ్ళెం ఒక్కటే. దాని మీద రెండు లోహపు చుక్కలు ఎదురెదురుగా ఉంటాయి. పాయింట్లంటే అవే. ఒక్కొక్కటి కందిబద్దంత. ఇంజను తిరుగుతున్న కొద్దీ అవి కలుస్తాయి, విడిపోతాయి. విడిపోయిన క్షణంలోనే ఇంజను లోపల నిప్పురవ్వ పుడుతుంది. బండి జోరు మీదున్నప్పుడు నిమిషానికి రెండు వేలసార్లు ఇలా జరుగుతుందని ఆమె నాకు చెప్పిన వారమంతా రోడ్డు మీద పోయే ప్రతి పాత బండినీ ఆగి చూశాను. ఇంత సున్నితమైన వ్యవహారాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని మనుషులు ఏమీ ఎరగనట్టు కూరగాయలు తెచ్చుకుంటున్నారు.

మావయ్య ఇంజను మేస్త్రీ. ఇంటి ముందు గదే వాళ్ళ షెడ్డు. ముందు సగం మావయ్యది. నేలంతా నూనె, గోడల నిండా పానాలు, మూల ఒక కాలు విరిగిన కుర్చీ. వెనక సగం అత్తయ్యది. మధ్యలో అద్దాల తలుపు. ఆ తలుపు అవతల తెల్లగుడ్డ పరిచిన బల్ల, మెడ వంచిన దీపం, అగ్గిపెట్టెలంత సొరుగుల్లో గింజల్లాంటి మరలు. లోపలికి రావాలంటే మావయ్య అయినా సబ్బుతో చేతులు కడుక్కోవలసిందే.

"ఆపరేషన్ థియేటర్లో కూడా ఇన్ని రూల్స్ ఉండవు," అంటాడు మావయ్య.

"అక్కడి పేషెంట్లు నొప్పి ఎక్కడో చెప్పగలరు. వీటికి నోరు లేదు కదండీ," అంటుంది అత్తయ్య.

మా తాతయ్య గడియారాలు బాగుచేసేవాడు. అత్తయ్య చిన్నప్పుడు ఆయన బల్ల కింద కూర్చుని, జారిపడిన మరల్ని వెతికిచ్చేది. పెళ్ళయిన కొత్తలో మావయ్య దగ్గరికి ఒక బండి వచ్చింది. ప్లగ్గు మార్చాడు, దానికి కరెంటు అందించే కాయిల్ మార్చాడు, వారమైనా అది దారికి రాలేదు. విసుగెత్తి దాని పళ్ళెం విప్పి ఇంటికి తెచ్చి, అన్నం తింటూ పక్కన పడేశాడు. అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న కంటి భూతద్దం బిగించుకుని దాన్ని దీపం కింద పెట్టి చూసింది.

"ఏవండీ, దీని మీద గుట్ట లేచింది. ఎదురుదానికి గుంట పడింది."

"అయితే?"

"ఒకటి రెండోదాన్ని కొరుక్కుని తింటోంది. కాపురం ఇలా ఉంటే ఎన్నాళ్ళు నిలుస్తుంది?"

మావయ్య ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు. "మన సంగతా, బండి సంగతా?"

"ప్రస్తుతానికి బండి సంగతే."

తప్పు ఆ చుక్కలది కాదు, వాటి పక్కనుండే కండెన్సరుది అని మర్నాడు తేలింది. వేలి కణుపంత డబ్బా అది. చుక్కలు విడిపోయేటప్పుడు వాటి మధ్య ఎగిసే నిప్పును అది మింగాలి. మింగకపోతే చుక్కలే కాలి, ఒకదాని లోహం ఇంకొకదాని మీదికి చేరుతుంది. అది మొదలు, ముప్పై అయిదేళ్ళుగా ఊళ్ళోని మెకానిక్కులు ఇంజన్లు మావయ్యకు చూపించకపోయినా పళ్ళేలు మాత్రం అత్తయ్యకు పంపుతున్నారు.

ఆమె పనిచేస్తుంటే చూడడానికి నేను కాలేజీ సెలవుల్లో వెళ్ళేదాన్ని. ముందు చుక్కల్ని సన్నటి ఆకురాయితో చదును చేస్తుంది, తర్వాత శుభ్రమైన గట్టి కాగితం వాటి మధ్య పెట్టి లాగి పొడి తుడుస్తుంది. తర్వాత గేజీ రేకు దూర్చి వాటి మధ్య సందు కొలుస్తుంది. ఆ తర్వాతే రవ్వ వేళను సరిచేస్తుంది. సిగరెట్ చుట్టే పల్చటి కాగితం ముక్కను చుక్కల మధ్య ఉంచి, ఒక చేత్తో దాన్ని ఊపిరంత మెల్లగా లాగుతూ రెండో చేత్తో చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంది. కాగితం వదులైన క్షణం, చక్రం మీది గీత ఎదుటి గీతకు సరిగ్గా ఎదురుగా రావాలి. అప్పుడు గదిలో ఎవరూ మాట్లాడరు. కాగితం జారిన చప్పుడు నాకు ఎప్పుడూ వినిపించలేదు. ఆమెకు వినిపిస్తుందని మాత్రం నమ్ముతాను.

సందు తర్వాతే వేళ. ఈ వరుస తప్పితే ఆమెకు కోపం వస్తుంది. సందు మారితే వేళ కూడా మారిపోతుంది మరి. వేళ సరిచేసి తర్వాత సందు కొలిచిన ఒక మెకానిక్కును నా ఎదుటే అడిగింది: "చొక్కా కుట్టేసి ఆ తర్వాత మనిషి కొలతలు తీసుకుంటావా నాయనా?" పాపం, అతనికి ఇద్దరు పిల్లలు.

ఈ మధ్య పాత బళ్ళకు ఎలక్ట్రానిక్ పెట్టెలు వస్తున్నాయి. పళ్ళెం, చుక్కలు తీసేసి వాటి చోట అయస్కాంతాలున్న చక్రం, తీగచుట్టల పళ్ళెం బిగించి, సీటు కింద ఒక మూసిన పెట్టె పెడితే చాలు. అరిగేది ఉండదు, కొలిచేది ఉండదు. వాళ్ళ వీధి చివరి పళ్ళ డాక్టరుకు పాత బళ్ళంటే ప్రాణం. ఆయనకు నాలుగు ఉన్నాయి. వాటికి పెట్టెలు బిగించమని మూడేళ్ళు అత్తయ్య చుట్టూ తిరిగాడు.

"పెట్టె చెడితే ఏం చేస్తారు డాక్టరు గారూ?"

"కొత్త పెట్టె వేస్తామమ్మా."

"మీ దగ్గరికి పంటి నొప్పితో వచ్చిన వాళ్ళందరికీ పళ్ళసెట్లే కట్టేస్తున్నారా?"

ఆయన నవ్వి, తన నాలుగు పళ్ళేలూ ఆమెకే ఇచ్చి వెళ్ళేవాడు.

ఇదంతా కిందటి వానాకాలం దాకా.

మావయ్యకు సొంత బండి ఒకటుంది. పెళ్ళికి ముందే కొన్నది. ఒకే సిలిండరు, లోటాంత పిస్టను. రోజూ ఉదయం దాన్ని కిక్కు కొట్టి, సామాన్ల బజారు దాకా వెళ్ళి వస్తే గాని ఆయనకు తెల్లవారినట్టు ఉండదు. ఆ రోజు కిక్కు కొట్టగానే పెడలు తిరిగి ఎగదన్నింది. గాడిద తన్నినట్టు ఆయన పక్కనున్న గోడకు కొట్టుకుని కూలబడ్డాడు. కుడి మోకాలి లోపల నరాల లాంటి పట్టీలు రెండు తెగాయి. ఆపరేషన్ అయింది. వాన, తడిసిన చెప్పు, వయసు అని తలా ఒకటీ అన్నారు.

అత్తయ్య ఆ మాటలు నమ్మలేదు. ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చి, ఆ బండి పళ్ళెం విప్పి, దాని అడుగున చూసింది. చుక్కల పళ్ళెం కింద రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు ఉంటాయి. కిక్కు కొట్టేటప్పుడు రవ్వ కాస్త ఆలస్యంగా పుట్టాలి, బండి పరిగెత్తేటప్పుడు ముందుగా పుట్టాలి. వేగానికి ఆ బరువులు విచ్చుకుని రవ్వను ముందుకు జరుపుతాయి. ఆగగానే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి. లాగకపోతే, మర్నాడు కిక్కు కొట్టినప్పుడు పిస్టను ఇంకా పైకి వస్తుండగానే రవ్వ పుట్టి దాన్ని వెనక్కి నెడుతుంది. ఆ దెబ్బంతా పెడలు మీదున్న కాలికే.

ఆస్పత్రిలో ఆ సాయంత్రం నేనూ ఉన్నాను.

"తప్పు నాదండీ," అంది అత్తయ్య.

"చెప్పు జారిందే."

"జారలేదు. పళ్ళెం ఎత్తి చూశాను. ఒక స్ప్రింగు సాగిపోయింది. ఒక బరువు గ్రీజు గడ్డకట్టి విచ్చుకున్నచోటే ఉండిపోయింది. పరాయి బండి అయితే ప్రతిసారీ ఎత్తి చూస్తాను. మనదే కదా అని రెండేళ్ళుగా పైపైన తుడిచి మూసేస్తున్నాను."

మావయ్య దిండు మీద తల ఆమె వైపు తిప్పాడు. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా మరి."

నవ్వించడానికే అన్నాడు. ఆమె నవ్వలేదు.

నడవచ్చు, మెట్లెక్కవచ్చు, బండి కూడా నడపవచ్చు అన్నాడు సర్జన్. కానీ ఇంకొక్కసారి అలా తంతే ఆ మోకాలిని బాగుచేయడం తన వల్ల కాదన్నాడు. ఇంటికి వచ్చాక మావయ్య రోజూ బండి దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, గుడ్డతో దాన్ని తుడిచేవాడు. స్టార్టు చేసేవాడు కాదు. అయిదు నెలలు తుడిచాడు. ఒకరోజు పళ్ళ డాక్టరు వస్తే, "ఇది మీ దగ్గరుంటే బాగుంటుందండీ. వచ్చే ఆదివారం పట్టుకెళ్ళండి," అన్నాడు. పెరట్లోని మొక్కను ఇస్తున్నంత మామూలుగా అన్నాడు. డాక్టరు చేతులు నలుపుకున్నాడు.

అద్దాల తలుపు తెరుచుకుంది. అత్తయ్య బయటికి వచ్చింది.

"డాక్టరు గారూ, మీరు ఏదో పెట్టె అంటుంటారే. అది ఒకటి తెప్పించగలరా?"

ఆయన లేవబోయినవాడల్లా మళ్ళీ కూర్చున్నాడు. "మీరా అమ్మా అడిగేది?"

"దానికి బరువులు, స్ప్రింగులు ఉండవన్నారు."

"ఉండవు. అన్నీ లోపలే లెక్కగడుతుంది. కిక్కు నీరసంగా పడితే అసలు రవ్వే ఇవ్వదు."

"అదే కావాలి. ఆ బరువులకు మరిచిపోయే గుణం ఉంది. నాకూ ఉందని తేలింది. మరిచిపోనిది ఒకటి ఉండాలి." కాస్త ఆగి అంది: "వచ్చే నెల మొదటి ఆదివారం రండి. బండి తిరిగి తన్నకుండా నడిస్తే మా దగ్గరే ఉంటుంది. లేదంటే మీరే పట్టుకెళ్ళండి."

"నా పన్ను నేనే పీక్కున్నట్టుంది," అన్నాడు డాక్టరు. అయినా తెప్పించాడు.

పెట్టెతో పాటు వచ్చిన ఆరు పేజీల కాగితం ఇంగ్లీషులో ఉంది. రెండు మధ్యాహ్నాలు నేను చదివి చెప్పాను. ఎన్నో పుస్తకాలు చదివాననుకునేదాన్ని, ఆమె విన్నట్టు ఏ వాక్యాన్నీ నేను చదవలేదు. "బిగించవలెను అన్నాడా, బిగుతుగా బిగించవలెను అన్నాడా? సరిగ్గా చూడు." "ఈ గీత ఏ గీత? పాయింట్లకు పట్టేదా, జోరు మీద పట్టేదా?" చక్రం మీద గీతలు రెండు, నిదానానికి ఒకటి, జోరుకు ఒకటి. జోరు మీద పట్టే గీతే అని చెప్తే, ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివించుకుంది. ముప్పై అయిదేళ్ళు మొదటి గీతకే పట్టిన చేయి. చివరికి సుద్దముక్కతో రెండో గీత మీద తెల్లగా రాసుకుంది, చేయి పొరబడకుండా.

ఆదివారం ఉదయం డాక్టరు వచ్చాడు. బండిని వీధిలోకి దించి స్టాండు వేశారు. మావయ్య పెడలు వైపు అడుగు వేశాడు.

"మీరు కాదు. నేను కొడతాను."

"నువ్వా? నలభై అయిదు కిలోలు. నువ్వు ఎక్కి గెంతినా అది కదలదే."

"తంతే నా మోకాలినే తన్నాలి. అది న్యాయం."

మావయ్య దారి ఇచ్చాడు. మెల్లగా పక్కన నిలబడి, ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాడు. ఊళ్ళో సగం బళ్ళకు ప్రాణం పోసే మనిషి, తన జన్మలో ఒక్కసారైనా కిక్కు కొట్టలేదని నాకు అప్పుడే తెలిసింది.

"పెడలు మెల్లగా నొక్కు. గట్టిగా తగిలే చోట ఆగు. తగిలిందా?"

"తగిలింది."

"ఇప్పుడు ఆ పైన కరెంటు మీటరులో చిన్న ముల్లు చూడు, మధ్యకి..."

"ఈ పెట్టెతో ఆ ముల్లు పలకదండీ. పాయింట్లు విడిపోతేనే అది మధ్యకి వచ్చేది."

నలభై ఏళ్ళ అలవాటు ఆయన మొహంలో ఒక్క క్షణం దారి తప్పింది. "అయితే కాలితోనే తెలుసుకో. ఆ గట్టిచోటు దాటించి, ఒక్క వెంట్రుక. ఆ తర్వాత మొత్తం బరువు వేసెయ్. సగం మనసుతో కొట్టొద్దు. సగం మనసుతో కొడితేనే ఇది తంతుంది."

ఆమె కొట్టింది. బండి దగ్గింది. రెండోసారి కొడితే ఢామ్మని పొగ గొట్టంలో పేలి ఊరుకుంది. మూడు, నాలుగు, అయిదు. పడుతూ లేస్తూ రెండు గుక్కలు తిరిగి చచ్చిపోతోంది. తన్నలేదు, అలాగని నడవనూ లేదు. ఎదురింటి మేడ మీద నుంచి ఎవరో చూస్తున్నారు. డాక్టరు మర్యాదగా చేతి గడియారం వైపు కాకుండా ఆకాశం వైపు చూశాడు. మావయ్య బండి తుడిచే గుడ్డను చేతుల్లో అటూ ఇటూ తిప్పుతున్నాడు.

అత్తయ్య బండి పక్కన నేల మీద కూర్చుంది. పెట్టె నుంచి మొదలుపెట్టి ఒక్కో తీగ వెంట వేలు జరుపుతూ వచ్చింది. కాయిల్ దగ్గర ఆ వేలు ఆగింది.

ఈ బండికి కండెన్సరు చుక్కల పక్కన కాక అక్కడే ఉంటుంది. ఇప్పుడూ ఒకటి ఉంది. కొత్తది. మెరుస్తోంది.

"ఇది తీసెయ్యమని కాగితంలో ఉంది కదమ్మాయ్?"

ఉంది. మూడో పేజీలో. నేను చదివాను, ఆమె విని తల ఊపింది కూడా. కానీ కండెన్సరు లేకుండా బండిని బయటికి పంపడం ఆ చేతికి తెలియదు. పాతది తీసేసి, అలవాటు కొద్దీ శ్రద్ధగా కొత్తది బిగించేసింది. మింగడానికి ఇక్కడ చుక్కల నిప్పు లేదు. అందుకని అది పెట్టె పంపే కరెంటునే మింగుతోంది.

"ఎవరి ఇంటికో వెళ్ళి మన ఇంటి వంటగదిలో లాగా సర్దేశాను," అంది అత్తయ్య. ఆ రోజు ఉదయం నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి. మర విప్పి కండెన్సరు తీసి నా చేతిలో పెట్టింది.

తర్వాతి కిక్కుకు బండి అందుకుంది. ఒక్కో దెబ్బ విడివిడిగా, లెక్కపెట్టగలిగేంత నిదానంగా, బరువుగా. కాళ్ళ కింద రోడ్డు సన్నగా అదిరింది. డాక్టరు చప్పట్లు కొట్టబోయాడు. ఆమె చేయి అడ్డం పెట్టి బండి ఆపేసింది.

నేను ఎప్పటికీ మరిచిపోలేనిది ఆ తర్వాత ఆమె చేసినది. మళ్ళీ స్విచ్చి వేసి, పెడలు మీద కాలు పెట్టి, ఈసారి కావాలని నీరసంగా కొట్టింది. మావయ్య కొట్టవద్దన్నట్టుగానే, సగం మనసుతో. మనుషుల కాళ్ళు విరిచేది ఆ కిక్కే.

"ఏమోయ్, పిచ్చా నీకు," అన్నాడు మావయ్య.

పెడలు కిందికి వెళ్ళి ఊరుకుంది. ఏమీ కాలేదు. మళ్ళీ కొట్టింది. ఒక్కోసారి ఒక్కో రకంగా: గట్టిచోటు దాటకుండా, దాటి సగంలో వదిలేసి, పక్కకు ఒరిగి, కాలి వేళ్ళతో. ప్రతిసారీ మోకాలు నిటారుగా, దెబ్బ తగిలితే నేరుగా తగిలేలా పెట్టుకుంది. వీధిలో పెడలు కిర్రుమనే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. నేను లెక్కపెట్టాను. పది. పదిసార్లూ ఆ బండి పెంపుడు జంతువులా ఆమె కాలికి లొంగి, మెల్లగా పెడలును తిరిగి పైకి తెచ్చి ఇచ్చింది. చివరిసారికి ఆమె చెమటతో తడిసిపోయింది. ఒక మనిషి తన తప్పును అంత దగ్గరగా నిలబెట్టి, పదిసార్లు దాని ఎదుట కాలు పెట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆమె పక్కకు జరిగింది. "ఇప్పుడు మీరు కొట్టండి."

మావయ్య కుడికాలు పెడలు మీద పెట్టాడు. పెట్టి, చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆమె ఆయన మొహం వైపు చూడలేదు, మోకాలి వైపే చూసింది. ఒక్క కిక్కు. బండి అందుకుంది. ఆయన స్టాండు తీసి, ఎక్కి, మమ్మల్నెవరినీ చూడకుండా సామాన్ల బజారు వైపు వెళ్ళిపోయాడు. మలుపు తిరిగాక కూడా చాలాసేపు ఆ చప్పుడు వినిపించింది. అది పూర్తిగా అణిగేదాకా అత్తయ్య అక్కడే నిలబడింది.

"కాఫీ అయినా ఇప్పిస్తారా అమ్మా, బండి ఎలాగూ పోయింది," అన్నాడు డాక్టరు.

"ఇస్తాను. మీ నాలుగు బళ్ళనూ తీసుకురండి. దేనికి పెట్టె కావాలో, దేనికి పాయింట్లు చాలో చూసి చెప్తాను. వచ్చే ప్రతి బండినీ మాత్రం పళ్ళెం ఎత్తి అడుగు చూడనిదే ఇవ్వను, వారం పట్టినా సరే."

అత్తయ్యకు ఇప్పుడు అరవై. వారానికి నాలుగు బళ్ళే ఒప్పుకుంటుంది. ఆ బండి ఇంకా మావయ్య పేరు మీదే ఉంది. పోయిన నెల దానికి కొత్త టైర్లు వేయించారు.